ఎత్తబడే ముందు ఇచ్చేయాల్సిన చాట

మా చిన్నప్పుడు పొద్దు వాలుతుంటే చాలు, మా అవ్వ ఇల్లంతా ఒకసారి కలియజూసేది... ఇరుగుపొరుగు వాళ్ళ వస్తువేదైనా మా ఇంట్లో ఉండిపోయిందేమోనని. పక్కింటి మాబున్ని వాళ్ళ చాటో, ఎదురింటి వాళ్ళ జల్లెడో కనిపిస్తే నా చేతిలో పెట్టేది.

"బిరీన ఇచ్చిరాపో పాపా... ప్రభువు ఈ పొద్దే వస్తే ఒగరి చాట మనింట్లో ఉండిపోతాది."

ఆలూరు దగ్గర మా ఊరు. అవ్వంటే మా నాయన తల్లి రూతమ్మ. ఊరి చివర రేకుల షెడ్డులో జరిగే ప్రార్థనలకు పోయేది. ప్రభువు చెప్పాపెట్టకుండా వస్తాడని, నమ్మినవాళ్ళు చేస్తున్న పని చేస్తుండగానే పరలోకానికి ఎత్తబడతారని, మిగిలినవాళ్ళకు శ్రమల కాలమేనని ఆమె నమ్మకం.

మా తాత దేవదానం పాత రాతి చర్చికి పెద్ద. ఆదివారం గంట కొట్టేది ఆయనే. ఈ రహస్య రాకడ మాటంటే ఆయనకు అస్సలు గిట్టేది కాదు.

"చాటుగా వచ్చిపోయేదానికి ఆయనకేం కర్మమే? వచ్చేది ఒగటేసారి. కడబూర ఊదితే ఆలూరు నుంచి ఆదోని దాకా అందరికీ ఇనపడాల. శ్రమలంటావా, అవి అందరికీ వస్తాయి... నీకూ, నాకూ."

"దొంగొచ్చినట్ల వస్తానని ఆయనే చెప్పినాడు గదయ్యా!"

అరుగు మీద కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ గంటలకొద్దీ ఇదే గొడవ... వాదం ఎంత ముదిరినా ఇద్దరి గింజలూ ఒకే చాటలో పడేవి. ఆ తర్వాత ఆమె రొట్టె పెట్టేది, ఆయన తినేవాడు.

వాళ్ళు బాగానే ఉండేవాళ్ళు. నలిగిపోయింది నేను! అవ్వ ఎత్తబడితే తాత గతేంటి? అవ్వను అడిగితే "మీ తాత మంచోడే పాపా" అనేది... ఆ మాటతో నా భయం పోయేది కాదు.

ఒక శనివారం, ఒంటిపూట బడి. ఇంటికొచ్చేసరికి తలుపులు బార్లా తీసున్నాయి. పెనం మీద జొన్నరొట్టె మాడి పొగలొస్తోంది. పీట మీద పిండి సగం తట్టి ఉంది. గడప దగ్గర అవ్వ చెప్పులు రెండూ అట్లాగే ఉన్నాయి. అవ్వ మాత్రం లేదు. పిలిచాను... పలకలేదు. పక్కిల్లూ తాళమే.

అయిపోయింది అనుకున్నాను. పుస్తకాల సంచి అక్కడే పడేసి చర్చి వైపు పరిగెత్తాను. శనివారం తాత చర్చి ఊడ్చే రోజు. తాత అక్కడ లేకపోతే నేనొక్కదాన్నే మిగిలిపోయినట్టు... ఉంటే తాత కూడా విడవబడినట్టు. ఏది కోరుకోవాలో కూడా తెలియలేదు.

తాత ఉన్నాడు. గంటకు కొత్త తాడు కడుతున్నాడు.

"తాతా... అవ్వ ఎత్తబడినాది! నువ్వు మిగిలిపోయినావు!" అని ఆయన పంచె పట్టుకుని బోరుమన్నాను.

నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. ఏమేం చూశానో అన్నీ నిదానంగా అడిగాడు. రొట్టె, పిండి, చెప్పులు... అన్నీ విన్నాక ఒకటే ప్రశ్న వేశాడు.

"పొద్దున మాబున్నోళ్ళ చాట తెచ్చినాది గదా. అది ఇంట్లో ఉండాదా?"

"ఉండాది తాతా... పొయ్యి పక్కనే."

"అట్లైతే మీ అవ్వ యాడికీ పోలేదు. ఒగరి చాట ఇంట్లో పెట్టుకోని ఆమె పరలోకానికి గూడా పోదు."

అంతే, నా ఏడుపు ఆగిపోయింది. నిజమే మరి! అవ్వ సంగతి నాకు తెలియదా?

సాయంత్రానికి మాబున్నితో కలిసి అవ్వ ఉత్త కాళ్ళతో వచ్చింది. మాబున్ని కోడలికి ఉన్నట్టుండి నొప్పులొస్తే అందరూ కలిసి ఆటోలో ఆలూరు ఆసుపత్రికి పరిగెత్తారట. "ఆడపిల్ల పుట్టినాది, శానా బాగుండాది" అని చెప్పి, మాడిన రొట్టెను చూసి నన్ను తిట్టింది. వెంటనే చాట నా చేతికిచ్చి మాబున్ని వాళ్ళింటికి పంపింది.

ఆమె సిద్ధాంతం తప్పని రోజూ వాదిస్తూనే, ఆమె నీతి మీద అంత గురి పెట్టుకున్నాడు మా తాత. అట్లాంటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అవ్వ ఆరేళ్ళ కిందట పోయింది... రెండు రోజుల జ్వరం, అంతే. పెట్టె లేపడానికి అందరూ సిద్ధమయ్యారు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టబోతుంటే తాత "రోంతసేపు ఉండప్పా" అని లోపలికి పోయాడు. ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాను. వంటింట్లో గూళ్ళు, గంపలు, అటక... అన్నీ వెతుకుతున్నాడు.

"ఏం ఎతుకుతాండావు తాతా?"

"ఎవురివన్నా ఉండిపోయినాయేమో పాపా... రెండు దినాలు లేవలేదు గదా ఆమె."

ఒక స్టీలు గిన్నె దొరికింది. మాబున్ని గంజి పంపిన గిన్నె. తాత దాన్ని కడిగి, తువ్వాలుతో తుడిచి, వట్టి గిన్నె తిరిగివ్వకూడదని అవ్వ ఎప్పుడూ వేసినట్టే పిడికెడు శెనగ్గింజలు వేసి, వాకిట్లో ఏడుస్తున్న మాబున్ని చేతికి తనే ఇచ్చాడు. తర్వాత పెట్టె దగ్గరికి వచ్చి, "ఇంగ లేపండప్పా" అన్నాడు.

రహస్య రాకడ లేదని జీవితమంతా వాదించిన మనిషి... ఆమె నమ్మకానికి ఏ లోటూ రానివ్వలేదు. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా కళ్ళు తడుస్తున్నాయి.

ఈ రోజుల్లో ఫోను తెరిస్తే చాలు... రాకడ ఇదిగో అని ఒకరు, అదంతా అబద్ధమని ఇంకొకరు. కింద వందల తిట్లు. కర్నూలులో మా అపార్టుమెంటులో ఎవరి చాటలు వాళ్ళవే, అసలు చాటలే లేవు. ఇచ్చిపుచ్చుకునే పనే లేదు.

మీ ఇళ్ళల్లో కూడా ఇట్లా నమ్మకంలో ఎడమొహం పెడమొహం, బతుకులో ఒకే కంచంగా ఉన్న అవ్వాతాతలు ఉండేవాళ్ళా? ఉంటే కింద రాయండి... కింది ఫ్లాటు ఆమె దగ్గర మొన్న కొబ్బరి కోరాము తెచ్చాను. పొద్దు వాలుతోంది. అది ఇచ్చేసి వచ్చి, అన్నీ చదువుతాను.