అంచు పక్క పీట

"ఆయమ్మ పోయింది మా" అని నాయన ఫోన్‌లో చెప్పినప్పుడు నేను హిందూపురంలో, నా టైలరింగు షాపులో, ఎవరిదో పెళ్ళి జాకెట్టుకు చేతులు అతుకుతున్నాను. మూడు రోజుల జ్వరమట. ప్లేట్‌లెట్లు పడిపోయాయట. ఆమెకు ముప్ఫై ఆరేళ్ళు, నాయనకు అరవై ఎనిమిది. పోతే ఆయనే ముందు పోతాడనీ, ఇల్లూ మగ్గమూ ఆమెకు మిగులుతాయనీ వీధంతా అనుకున్నారు. నేనైతే ఆ మాట పైకే అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అమ్మ పోయాక నాయన తెచ్చుకున్న తోడు ఆమె. పెళ్ళి లేదు, తాళి లేదు. పేరు ఇక్కడ రాయను, పేరు పెట్టి పిలిచింది నాయన ఒక్కడే. నేను 'ఆయమ్మ' అనేదాన్ని, అదీ ఆమె ఎదురుగా లేనప్పుడు. ఆమె మాత్రం నన్ను నోరారా 'అక్కా' అనేది. నాయన పక్కన ఉండే మనిషి నన్ను అక్కా అంటే ఇంక నాయన నాకేమవుతాడు? ఈ వరస కుదరదని ఒకసారి మొహం మీదే చెప్పాను.

"వరస కుదరకుంటే పోనీలేక్కా. ముద్ద కుదిరిండాది, తిను" అని వేడి రాగిముద్ద నా ముందు పెట్టింది. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

మాది ధర్మవరంలో మగ్గం ఉన్న ఇల్లు. ఒడలు ఒక రంగు, అంచు ఒక రంగు ఉండే పట్టుచీర ఒక్క మనిషితో అయ్యేది కాదు. నేసే మనిషి గుంతలోకి కాళ్ళు దించి కూర్చుని ఒడలి పోగు చుట్టిన నాడె విసురుతాడు. అంచుకు వేరే నాడె, వేరే పోగు. అది వేయడానికి పక్కన చిన్న పీట మీద ఇంకొకరు ఉండాలి. ఇద్దరి చేతులూ ఒకే తీరుగా పడితేనే అంచూ ఒడలూ కలిసేచోట చీర సాపుగా వస్తుంది. ఆ పీట మీద నా పదో ఏటి నుంచి పెళ్ళి దాకా నేను కూర్చున్నాను, తర్వాత అమ్మ కూర్చుంది. అమ్మ పోయాక రెండేళ్ళు పీట ఖాళీ. నాయన ఒక్కడితో అయ్యే చీరలేవో నేసుకుంటూ గడిపాడు. నన్ను రమ్మని అడగలేదు. అడిగినా వచ్చేదాన్ని కాదు, నాకు షాపుంది, పిల్లలున్నారు. అయినా అడగలేదని కోపం.

అప్పుడు రొద్దం నుంచి ఆయమ్మ అంచు వేసే కూలికి వచ్చింది. మొగుడు వదిలేసిపోయిన మనిషి. మడకశిర వైపు ఎక్కడో పెరిగిందట, చీరలో పువ్వుకూ పువ్వుకూ మధ్య వరసలు కన్నడంలో లెక్కపెట్టేది. "ఒందు, ఎరడు, మూరు" అని పాటలాగా. ఆరు నెలలకు నాయన కూడా కన్నడంలోనే లెక్కపెట్టసాగాడు. ఏడాదికి మీసానికి రంగేశాడు.

ఒక ఆదివారం నాయనకు చెప్పకుండా ధర్మవరం బయలుదేరాను. దారిలో పెనుకొండ బస్టాండులో బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తే ఉగ్గాని బండి దగ్గర మా నాయన, గళ్ళ చొక్కాలో. మిరపకాయ బజ్జీ తుంచి, ఊది ఊది, ఆయమ్మ చేతిలో పెడుతున్నాడు. ఆమె ఏదో అంటుంటే పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. మా నాయనకు పైన ఒక పన్ను లేదని నాకు ఆ రోజే తెలిసింది.

అమ్మను ఆయన పెనుకొండ దాకా కూడా ఎప్పుడూ తీసుకుపోలేదు. అమ్మ తరఫున కోపమొచ్చిందని అప్పుడు అనుకున్నాను. అబద్ధం. నాకెప్పుడూ అట్లా ఊది పెట్టలేదని కడుపు మండింది.

బస్సు దిగకుండా ధర్మవరం పోయి, తాళం వేసిన ఇంటి ముందు అరుగు మీద రెండు గంటలు కూర్చున్నాను. ఇద్దరూ మోపెడ్ మీద వచ్చారు.

"ఎప్పుడొస్తివి పాపా? ఒక ఫోన్ చేసింటే యాడికీ పోయేవాళ్ళం కాదు కదా" అన్నాడు నాయన.

"మీకు అడ్డమెందుకని చేయలేదు" అన్నాను.

ఆయన తాళం తీయకుండా అట్లాగే నిలబడ్డాడు. "మీ అమ్మ పోయినంక ఈ ఇంట్లో మగ్గం సప్పుడే గానీ మనిషి మాట లేదు మా. ఇప్పుడు వినపడతాండాది. నాకింగేం వద్దు."

ఆయమ్మ నాయన చేతిలోని తాళంచెవి తీసుకుని తలుపు తెరిచింది. నేను తిరిగిపోయేటప్పుడు, ఎప్పటిలాగే, రొద్దం నుంచి తెచ్చిన చెనక్కాయలు ఉడకబెట్టి సంచిలో పోసి ఇచ్చింది. ఆమె ఇచ్చినవి బస్సులో పక్కవాళ్ళకు పంచేద్దామని ప్రతిసారీ అనుకునేదాన్ని. పెనుకొండ దాటేలోపల నేనే తినేసేదాన్ని.

ఇంకో సంగతి చెప్పకపోతే ఆమెకు అన్యాయం చేసినట్టే. తమ్ముని పెళ్ళికని ఆమె నాలుగు రోజులు రొద్దం పోయింది. ఆ నాలుగు రోజులూ నేను ధర్మవరంలో ఉన్నాను. మగ్గం మీద సగం చీర ఉంది. మొదలుపెట్టిన చేయే ముగించాలంటారు మా నేతవాళ్ళు. పోగును లాగే బిగువు ఒక్కో చేతికి ఒక్కో తీరు, కాబట్టి చీర మధ్యలో పక్కమనిషి మారితే, మారినచోట అడ్డంగా సన్నటి గీత పడుతుంది. ఇది నాకు తెలియనిది కాదు. తెలిసే పోయి పీట మీద కూర్చున్నాను.

"వద్దు పాపా, ఆయమ్మ రానీ" అన్నాడు నాయన.

"నీ పక్కన పదేండ్లు కూచున్నా. నాకే చెప్తాండావా?"

కూతురితో వాదించలేక ఆయన నాడె విసిరాడు. మూరెడు నేశాం, గీత పడింది. వెంట్రుకవాసి గీతే, కానీ వెలుతురుకు పట్టి చూస్తే దాగదు.

చీర వెనక్కి వచ్చిన రోజు కూడా నేను అక్కడే, వంటింట్లో ఉన్నాను. నాయన దగ్గర చీరలు కొనే షావుకారు మడత విప్పి గీత చూపించి, "పక్కన ఎవరబ్బా కూచునింది?" అని అడిగాడు. నాయన నోరు తెరిచేలోపల ఆయమ్మ గొంతు వినబడింది. "నేనే అన్నా. జరమొచ్చింటే అట్లే కూచుంటి. చెయ్యి ఆడలే."

లోపలికి వచ్చాక, ఎందుకట్లా చెప్పావని అడిగాను.

"కూతురు నాయన పక్కన కూచుండేది తప్పని వాళ్ళకు చెప్పల్లనా అక్కా?" అంది. "పోగు తెగితే కొన ఎతుక్కోవల్ల. ఎవరు తెంచిరని ఎతుకుతాంటే చీర ఎప్పుడయితాది?"

పాలు పొంగినా, బస్సు తప్పినా ఇదే మాట అనేది. ఆ రోజు మాత్రం ఆ మాట నాకు మింగుడుపడలేదు. ఆమె చెడ్డదైతే నాకు ఎంత సుఖంగా ఉండేది! మంచిదని తేలిపోయాక నా ఏడుపు ఒట్టి ఏడుపైపోయింది.

ఆమె పోయిన రోజూ అదే ఏడుపు. అమ్మ పోయినప్పుడు నాయన వచ్చినవాళ్ళకు కుర్చీలు వేస్తూ తిరిగాడు. ఆయమ్మ పోయినప్పుడు నేల మీద కూలబడి, ముక్కు కూడా తుడుచుకోకుండా ఏడ్చాడు. శవం ముందు కూడా నేను ఓర్వలేకపోయాను. రాస్తున్నాను కనుక దాచను.

పదిహేను రోజులకు ఆయన ఫోన్ చేశాడు. "మగ్గం మీద ఆయమ్మ చీర ఉండాది మా. ఒడలు అయిపాయ. కొంగు మిగిలిండాది. నువ్వొస్తావా?"

అమ్మ పోయినప్పుడు అడగని మాట. ఇన్నేళ్ళూ అడగాలని నేను కాచుకున్న మాట. షాపు మూసి పోయాను.

పీట మీద ఆమె మడిచి వేసుకున్న పాత టవలు అట్లాగే ఉంది. తీయడానికి చేయి రాలేదు, దాని మీదే కూర్చున్నాను. నా చేయి వెనకబడినప్పుడల్లా నాయన ఆగాడు. విసుక్కోలేదు. పువ్వుకు వరసలు లెక్కపెడుతూ "ఒందు, ఎరడు" అని నాడె చేతిలో పట్టుకుని ఉండిపోయాడు.

"మూరు" అన్నాను నేను. నాడె విసిరాడు.

గీత పడింది. పడుతుందని ఇద్దరికీ తెలుసు. ఆ చీర ఆయన షావుకారుకు పంపలేదు. "నువ్వు కట్టుకో పాపా" అన్నాడు.

పోయిన వారం నాయన హిందూపురం వచ్చాడు. షాపులో బట్టలు కత్తిరించే బల్ల మీద ఆ చీరే పరిచి ఉంది, అప్పుడే ఫాల్ కుట్టడం అయింది. కుట్టు బాగుందా నాయనా అని అడిగాను. ఆయన కుట్టు చూడలేదు. వంగి, బొటనవేలు అంచు వెంట జరుపుకుంటూ పోయి గీత దగ్గర ఆపాడు. గీతకు ఇవతల నేను వేసిన అంచు, అవతల ఆయమ్మ వేసింది. వేలు అవతలికి పోయింది. అక్కడే, జానెడు మేర, ముందుకూ వెనక్కూ తిరుగుతూ ఉండిపోయింది.

నేను కత్తెర తీసి పక్కన పెట్టాను. నా వైపు కొంగు ఆయన చేతికి అడ్డం రాకుండా మడిచి పట్టుకున్నాను.