గడప మీద నిమ్మకాయ

మొన్న ఆదివారం ముందు వాటా వాళ్ల అమ్మాయి మా మెట్లెక్కి వచ్చి, "పెద్దమ్మా, మంత్రగత్తె పిల్ల బుక్కు మీ దగ్గర ఉందంట గదా, జెర ఇస్తవా?" అని అడిగింది. నాలుగో తరగతి పిల్ల. వెనకే దాని తల్లి, కొంగు వేలికి చుట్టుకుంటూ, నా మొహంలోకి చూడకుండా నిలబడింది. అట్ట చిరిగిన ఆ పుస్తకం ఇంకా మా అల్మారాలోనే ఉంది. తీసి, కొంగుతో దుమ్ము తుడిచి ఇచ్చాను. ఈ పిల్ల ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో ఆ పుస్తకం మా బన్సీలాల్‌పేట్ ఇంటిని ఒక పూటంతా గడగడలాడించింది.

పుస్తకం మా అక్క కూతురిది. సీతాఫల్‌మండి నుంచి ఆటోలో వచ్చేంత దూరానికి తల్లీకూతుళ్లు పెట్టెలు సర్దుకుని, ప్రతి వేసవికీ ఏదో దేశాంతరం వచ్చినట్టు మా ఇంటికి దిగేవారు. అప్పుడు దానికి పదేళ్లు. చదివితే మంత్రగత్తె పిల్లల కథలే చదివేది. మా చిన్నప్పటి కథల్లో మంత్రగత్తె అంటే చివరి పేజీలో చావాల్సిన ముసలిది. వీటిలో మాత్రం రెండు జడలేసుకుని, సంచీ తగిలించుకుని, హోమ్‌వర్కు ఎగ్గొట్టే పిల్ల. ఇదేం పిచ్చని నాకు ఒళ్లు మండేది. ఒకరోజు మా కొత్త చీపురు మీద గుర్రమెక్కినట్టు ఎక్కి వరండా అంతా పరిగెత్తింది. చీపురుకి కాలు తగిలితేనే కళ్లకద్దుకునే ఇల్లు మాది. గట్టిగా కేకలేశాను. అది ఏమాత్రం బెదరకుండా, "చీపురిస్తే మనం ఊడుస్తం చిన్నమ్మా, మంత్రగత్తెలు ఎగురుతరు" అంది. నేను చీపురు లాక్కుని మూలన పెట్టాను.

మా ఇంట్లో పైన మేము, కింద ముందు వాటాలో అప్పుడే బిడ్డ పుట్టిన చిన్న జంట, వెనక గదిలో నా అన్నవాళ్లెవరూ లేని ఒక అవ్వ. పిల్లలకి దగ్గొస్తే ఏవో ఆకులు నూరి, తనలో తను గొణుక్కుంటూ పసరు తీసి ఇచ్చేది. జనం మందు పుచ్చుకునేవారు, తర్వాత పిల్లల్ని ఆ గది వైపు పోనిచ్చేవారు కాదు. మన మనుషుల తీరే అంత. మా పిల్ల మాత్రం పొద్దస్తమానం అక్కడే ఉండేది. "అవ్వ అసలైన మంత్రగత్తె చిన్నమ్మా, మంచి మంత్రగత్తె!" అని మురిసిపోతుంటే దాని నోరు మూసి, ఆ మాట బయట ఎక్కడా అనొద్దని ఒట్టు వేయించుకున్నాను.

ఆ వేసవిలో చంటిదానికి జ్వరం పట్టుకుని వదల్లేదు. జ్వరం రావడానికి ముందురోజు సాయంత్రం అవ్వ దాని బుగ్గ నిమిరి, "ఎంత ముద్దుగున్నవే" అందట. జ్వరం మొదలైన మూడోనాడు అమావాస్య. పొద్దున్నే కింద నుంచి కేక వినిపించి పరిగెత్తాను. ముందు వాటా గడప మీద బియ్యప్పిండితో నక్షత్రంలా వేసిన చుక్క, దాని నడుమ కుంకుమ అద్దిన నిమ్మచెక్కలు, చుట్టూ వేపాకు. రోడ్డు మీద ఇలాంటిది కనబడితే పక్కకి తప్పుకుపోయే వాళ్లం, ఇక గడప మీద ఉంటే చెప్పాలా? ఆస్పత్రికి పోవడానికి ఆటో బయట ఆగి ఉంది. తల్లి మాత్రం కాగిపోతున్న బిడ్డని పట్టుకుని లోపలే ఏడుస్తోంది. గడప దాటదు.

బిడ్డ తండ్రి అవ్వ మీదికి వెళ్లాడు. "మా అన్నలు బొల్లారం నుంచి వస్తున్నరు. వాళ్లొచ్చే లోపల సామాన్ సదురుకోని పో. లేకుంటే ఏమైతదో నాకు తెల్వదు."

"నేనేం చేసిన బిడ్డా? యాడికి పోవాలె నేను?" అని అవ్వ అందరి మొహాలూ చూసింది. అందరూ నేల చూశారు. నేను అడ్డం వెళ్లబోతూ ఆ చుక్కని సరిగ్గా చూశాను. అయిదు మొనలు. పుస్తకం అట్ట మీద ఉన్నది అదే. పసిబిడ్డకి కీడు తగలకుండా గుమ్మం ముందు వేసే రక్ష అది, మా పిల్ల చదివి వినిపించిన ఆ కథలో. అక్కడ చెప్పిన వెండిపొడీ ఏవో దొరకని ఆకులూ మా వంటింట్లో ఎక్కడివి? ఉన్నవాటితోనే సర్దుకుంది పిచ్చిమొద్దు.

తలెత్తితే అది మెట్ల మీదే ఉంది. మా అక్క దాని మణికట్టు బిగించి పట్టుకుని, "నోరు తెరిస్తే చంపుత. నీ మీదికొస్తరు" అంటోంది. పిల్ల చెయ్యి గుంజుకుని దిగొచ్చింది.

"నేనే పెట్టిన అంకుల్. పాపకు జ్వరం పోవాలని."

పని ఇంకా చెడింది. "ముసల్ది నేర్పిచ్చిందా నీకు? ఇద్దరు కల్సి చేసిన్రా?" అంటూ ఆయన దాని మీదికి తిరిగాడు. అప్పుడు మా పిల్ల వంగి, పెద్దవాళ్లెవరూ తాకడానికి సాహసించని ఆ నిమ్మచెక్కని తీసి కసుక్కున కొరికింది. మా అక్క కెవ్వుమంది. కుంకుమ అంటిన మూతి, పులుపుకి వంకర్లు తిరిగిన మొహం, కారుతున్న కళ్లు. అయినా నమిలి మింగింది. అందరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. ఏమవుతుందోనని, సిగ్గు విడిచి చెప్తున్నా, నేనూ చూశాను.

అవ్వ మెల్లగా వచ్చి రెండో చెక్క తీసుకుంది. "ఉప్పు లేకుంట ఎట్ల తింటున్నవే పిచ్చిదానా" అని తనూ నాకి, గడప పక్కన కూలబడి, పిండినంతా పైటకొంగుతో తుడిచేసింది. ఆ తల్లి కళ్లు మూసుకుని గడప దాటింది. ఆటో కదిలింది. బొల్లారం అన్నలు ఆవేశంగా వచ్చి, చేసే పనేమీ లేక, చాయ్ తాగి వెళ్లిపోయారు. జ్వరం ఆస్పత్రి మందుతో తగ్గింది. మా పిల్ల మాత్రం ఈనాటికీ తన రక్ష వల్లే తగ్గిందంటుంది.

అవ్వకి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. కానీ ఆమె ఎక్కడికీ పోలేదు. తర్వాత కొన్నేళ్లకి తన గదిలోనే, తన మంచం మీదే పోయింది. చివరి రోజుల్లో గంజి కాచి తాగించింది ముందు వాటా ఇల్లాలే.

నిన్న సాయంత్రం పైనుంచి చూస్తే, పుస్తకం పట్టుకెళ్లిన పిల్ల వాకిట్లో చీపురెక్కి గంతులేస్తోంది. తల్లి కిటికీలోంచి, "ఏయ్, జల్ది దిగు! ఊడ్సేదుంది" అని అరిచింది. ఒకప్పుడు ఆ గడప దాటలేక వణికిన మనిషి గొంతులో ఇప్పుడు సందెవేళ పని తొందర తప్ప మరేమీ లేదు. ఆ ఒక్క గడప భయం లేకుండా దాటడానికి ఆమెకి, చంకలోని బిడ్డ పెరిగి పుస్తకం చదివేంత సమయం పట్టింది.