ఊదితే చల్లారే తీగ

రాజమండ్రి పాలిటెక్నిక్ మాస్టారు పల్లంరాజుగారు చల్లారిన కాఫీని కూడా ఊదుకునే తాగుతారు. పక్షవాతంతో భార్య లోవలక్ష్మి వేళ్లు ముడుచుకుపోయాక మొదలైన అలవాటది. వేడి తగిలితే పాత కొలత గుర్తొచ్చి కురచయ్యే సన్నని తీగతో ఆమె చేతికి తొడుగు చేశారు. కరెంటిస్తే తీగ వేడెక్కి, చేతి వెనకవైపు నుంచి లాగి వేళ్లు విప్పేది. ఆపి ఊదితే చల్లారేది. ముడుచుకునే ఆ వేళ్లే దాన్ని మళ్లీ సాగదీసేవి. అందుకే స్ప్రింగు పెట్టలేదు.

"ఇంకాస్త ఊదండి, హాయిగా ఉంది," అనేదావిడ.

ఆవిడ పోయిన నెలకి, కాలేజీలో ఖాళీ తొడుగుకి కరెంటిచ్చారు. తీగ కురచైంది. ఆపి ఊదారు. చల్లారింది గానీ సాగలేదు.

"వెనక్కి లాగడానికి స్ప్రింగుండాలి కదండీ మాస్టారూ?" అన్నాడు తోటి లెక్చరరు గణేష్‌బాబు.

"ఉండేదండి," అన్నారాయన, ఇంకా ఊదుతూనే.