అర అంగుళం దూరంలో అమీర్‌పేట

అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక సందులో, రెండో అంతస్తులో కూర్చుని నేను నగరాలు గీసేవాణ్ణి. వినడానికి గొప్పగానే ఉంటుంది. ప్లాట్లు అమ్మే కంపెనీల బ్రోచర్లలో చివరి పేజీన ఒక లొకేషన్ మ్యాప్ ఉంటుంది చూడండి, పచ్చటి చెట్లు, పసుపు రంగు హైవే, నడుమ ఎర్రటి చుక్కలా వెంచర్. అదీ నా కళాఖండం. మ్యాపులు గీయడానికి వేరే సాఫ్ట్‌వేర్లు ఉంటాయట. మా షాపులో పెళ్లి ఫొటోల్లో మొటిమలు చెరిపేదొక్కటే ఉండేది. దాంతోనే చెరువులు కూడా చెరిపేవాళ్లం.

షాపు యజమానిని అందరూ అన్న అనేవారు, నేనూ అనేవాణ్ణి. ఆయన దగ్గర ఒక పాత ఫైలు ఉండేది. అందులో హైదరాబాద్ ముక్కలు ముక్కలుగా, ఒక్కో బస్తీ ఒక్కో పొరలో ఉంటుంది. ఒక పొరను పట్టుకుని జరిపితే మిగతావి కదలవు. కొత్త వెంచర్ వస్తే కొత్త మ్యాప్ గీసేంత ఓపిక ఎవరికీ లేదు. ఆ ఫైలే తెరిచి, పేరు మార్చి, నగరాన్ని వెంచర్ దగ్గరికి లాగడమే. వెంచర్‌ను కదిలించకూడదు, దానికి ఓనర్ ఉంటాడు. హైదరాబాద్‌ను ఎంత లాగినా అడిగేవాడు లేడు.

"పంజాగుట్టను జర కిందికి గుంజు. ఇంకా. ఏదైనా సరే, వెంచర్‌కు అర అంగుళం దాటొద్దు," అనేవాడు అన్న, చాయ్ ఊదుకుంటూ.

"ఇంకా గుంజితే ఫ్లైఓవర్ వాళ్ల క్లబ్ హౌస్ మీదికెక్కుతది అన్నా."

"ఎక్కనీ. దాన్నే కనెక్టివిటీ అంటరు."

సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట నుంచి పక్కనే ఉన్న పంజాగుట్టకు బస్సులో పోయినవాడెవడూ ఆ అర అంగుళాన్ని నమ్మడు. అయితే మ్యాప్ చూసేవాళ్లు ఆ టైముకు బస్సులో ఉండరు, కంపెనీ వాళ్ల ఏసీ గదిలో ఉంటారు. కింద మూలన చీమ తలకాయంత అక్షరాలతో ‘ఊహాచిత్రం’ అని వేసేవాళ్లం. అక్కడితో మా నిజాయితీ కోటా అయిపోయేది.

ఒక ఆదివారం మా చిన్నమ్మ చర్చి నుంచి సరాసరి మా ఇంటికి వచ్చింది. ఆమె అమీర్‌పేట పక్కనే మధురానగర్‌లో ఒక్క గది అద్దెకు తీసుకుని, అందులోనే ఉంటూ హాస్టల్ అమ్మాయిలకు జాకెట్లు కుడుతుంది. బైబిల్లోంచి మడత పెట్టిన కాగితం తీసి నా ముందు పరిచింది. నా మ్యాపే. బైబిల్లో దాచుకునేంత పవిత్రమైనదేదీ అందులో వేసినట్టు నాకు గుర్తులేదు.

"మన చర్చి బ్రదరే ఇచ్చిండు, ఈ ప్లాట్లు అమ్మిపిచ్చేది ఆయనే. ఆడికెల్లి అమీర్‌పేటకు ఇరవై అయిదు నిమిషాలంట. ఇల్లు ఆడ కట్టుకుంట, పొద్దుగాల దుకాణానికి వస్త, సాయంత్రం పోత. ప్లాటుకు రేపే సంతకం. ఇరవై ఏండ్ల కష్టం బిడ్డా, జర ప్రార్థన చెయ్యి."

"ప్రార్థన తర్వాత చేద్దాం గని, ఇది దొంగ మ్యాప్ చిన్నమ్మా. నేనే గీసిన."

"ఏ, పోరా."

"నిజం. ఆడికెల్లి మూడు బస్సులు మారాలె. పొద్దున ఎక్కితే నువ్వు దిగేసరికి నీ గిరాకీ అంతా ఇంకో టైలర్ దగ్గర ఉంటది."

"నీకు అన్నిట్ల జోకులే. మీ అక్క పెండ్లిల పిలగాడు పారిపోయిండని చెప్పినవ్ గద, గట్లనే ఇది సుత."

చెప్పిన మాట వాస్తవమే. ఆ పెళ్లికొడుకు బాత్రూములో ఉన్నాడు. ఇంట్లో ఎవరు ఏడ్చినా, ఎవరు ప్రతిజ్ఞ చేసినా వెక్కిరించి వెక్కిరించి సంపాదించుకున్న పేరు నాది. తీరా ఒక్కరోజు నిజం చెబితే అమ్మ కూడా పడీపడీ నవ్వింది. అచ్చులో ఉన్న నా అబద్ధం ముందు నోటితో చెప్పిన నా నిజం చెల్లలేదు.

సోమవారం పొద్దున ఆమె సంతకానికి పంజాగుట్టలో కంపెనీ ఆఫీసుకు వెళ్తుంటే, దారిలోనే కదా అని బతిమాలి మా షాపుకు తీసుకొచ్చాను. అన్న ఇంకా రాలేదు. ఫైలు తెరిచి అమీర్‌పేటను పక్కకు జరిపాను. మెట్రో స్టేషన్‌తో సహా జరిగింది. బంజారా హిల్స్‌ను బంగళాలతో సహా ఎత్తి ఖాళీ పొలంలో పడేశాను.

చిన్నమ్మ నవ్వలేదు. నా చేతిలోంచి మౌస్ తీసుకుంది.

"అసలు ఏడ ఉండాలె ఇది?"

"అటు జరుపు. ఇంకా. ఇంకా."

అమీర్‌పేట కాగితం అంచు దాటి, తెర అంచు దాకా పోయి, కనబడకుండా పోయింది.

"ఇంకా పోవాలె చిన్నమ్మా. తెర చాలదు."

ఆమె ఫోన్ మోగింది. స్పీకర్‌లో బ్రదర్ గొంతు. "సిస్టర్, ఎక్కడిదాక వచ్చిండ్రు? అందరం మీ కోసమే కూసున్నం."

"అమీర్‌పేటలనే ఉన్న బ్రదర్. ఇగ ఈడనే ఉంట," అని పెట్టేసి, నా వైపు తిరిగింది. "ఇంకెంతమందికి గీసినవ్ రా గిది?"

పేర్లు మార్చి దాచిన ఫైళ్ల వరస తెరిచి చూపించాను.

"మా చర్చి స్త్రీల సమాజంల ఇంకో నలుగురి దగ్గర ఉన్నది ఈ కాగితం," అంటూ ఆమె ఫోన్లు మొదలుపెట్టింది. అరగంటలో నలుగురూ మెట్లెక్కి వచ్చారు. ఒకామె మౌస్ పట్టి తెర మీద వెంచర్ చుట్టూ ఉన్న చెట్లను ఒక్కొక్కటే పీకుతోంది. అప్పుడే అన్న లోపలికి వచ్చాడు.

"ఏం నడుస్తుందిరా ఈడ?"

చిన్నమ్మ తల కూడా తిప్పలేదు. "జర ఆగు అన్నా. హైదరాబాద్‌ను దాని జాగల పెడుతున్నం."