పంజాగుట్ట బస్‌స్టాపులో వందనాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలకు అమ్మా, నాన్నా తర్వాత నేర్పే మాట ‘వందనాలు’. మా క్రైస్తవుల ఇళ్లలో ఎవరు ఎదురైనా ముందు ఆ మాట, తర్వాతే మిగతా సంగతులు. అమీర్‌పేటలో చర్చి వెనక సందులో ఉండేవాళ్లం. ఆ సందులో పెళ్లికైనా చావుకైనా వచ్చేది చర్చివాళ్లే. మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, ఆ చర్చిలో సంఘపెద్ద.

ఆ రోజుల్లో పంజాగుట్టలో ఒక మేడ మీద కొత్త మందిరం మొదలైంది. తన సంఘం బయట ఎవరికీ రక్షణ లేదని అక్కడి బోధకుడు చెప్పేవాడు. జబ్బుకు మందు మింగితే దేవుణ్ని నమ్మనట్టేననేవాడు. మా చర్చి నుంచి కొందరు అటు వెళ్లారు. అది తప్పుడు బోధ అని తాతయ్య బైబిలు వాక్యం తెరిచి ఒక్కొక్క మాటకూ జవాబు చెప్పేవాడు. ఆయన చెప్పింది తప్పని నేను ఇప్పటికీ అనుకోను. చివరికి పెద్దలంతా కలిసి, అటు వెళ్లినవాళ్లను ఇళ్లలోకి రానివ్వకూడదని, వాళ్లకు వందనాలు కూడా చెప్పకూడదని తీర్మానించారు. తప్పుడు బోధ తెచ్చేవాణ్ని పలకరించవద్దని వాక్యంలోనే ఉంది. ఆ తీర్మానం సంఘానికి వినిపించింది తాతయ్యే. మేడ మీదివాళ్లు కూడా అదే వాక్యం చూపించి మమ్మల్ని పలకరించడం మానేశారు.

ఆ మరుసటి ఏడు మా పిన్ని అటు వెళ్లిపోయింది. అమ్మకు చెల్లెలు, పెళ్లి కాలేదు. ఆమెకు చిన్నప్పటి నుంచి ఫిట్స్. రోజూ గోలీలు వేసుకుంటే బాగానే ఉండేది. ఆ మేడ మీద ఆమెకు అసలు జబ్బే లేదన్నారు. అంతకుముందు ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. గోలీల సీసా అలమారలో వదిలేసి, ఆ సంఘం ఆడపిల్లలు కలిసి ఉండే ఇంట్లో ఉండిపోయింది.

తాతయ్య వాదించడానికి వెళితే మెట్ల మీదే ఆపేశారు. అప్పటి నుంచి ఆదివారం సాయంత్రాలు నన్ను వెంటబెట్టుకుని పంజాగుట్ట బస్‌స్టాపుకు వెళ్లేవాడు. ప్రార్థన కూడిక ముగిశాక ఎదురుగా ఉన్న ఆ మేడ మీది నుంచి తెల్ల ముసుగుల ఆడపిల్లలు గుంపుగా దిగి బస్సుకు వచ్చేవాళ్లు. పిన్ని కనబడగానే తాతయ్య చేతులు జోడించి “వందనాలు బిడ్డా” అనేవాడు. తాను వినిపించిన తీర్మానాన్ని తానే దాటుతున్నాడని నాకు తెలుసు. ఆమె తల తిప్పుకునేది.

అక్కడ సోడాలు అమ్మే ఆయన ఓసారి నవ్వాడు. “క్యా చాచా, బిడ్డకు గింత మర్యాదనా? చెయ్యి పట్టి గుంజుకపోరాదు!”

“గుంజుకపోవచ్చు భాయ్. తెల్లారి మళ్ల ఈడికే వస్తది,” అన్నాడు తాతయ్య.

ఒక సాయంత్రం పిన్ని గుంపు వెనక ఆగింది. చిక్కిపోయింది. ఎక్కడో పడ్డట్టుంది, నుదుటి మీద కమిలి ఉంది. తాతయ్య జేబులోంచి గోలీల పొట్లం తీశాడు. ఆమె చూసింది, తీసుకోలేదు.

“నాయినా, నేనొస్తే చర్చిల మాట్లాడతరా నాతోని?”

తాతయ్య పొట్లం ఇంకా ముందుకు చాచాడు. “ఇంట్ల మేమున్నం గదనే.”

“చర్చిల?”

“జర ఆగు బిడ్డా. అడిగి చెప్త.”

ముందున్నవాళ్లు పిలిచారు. ఆమె వెళ్లిపోయింది.

మరుసటి ఆదివారం చర్చిలో తాతయ్య లేచి నిలబడి, ఆ తీర్మానం ఎత్తెయ్యమని అడిగాడు. ఇంకో పెద్ద లేచాడు. “పోయినేడు మా తమ్ముడు అటు పోతే నువ్వేమన్నవ్ పెద్దయ్యా? మా తమ్మునికో లెక్క, నీ బిడ్డకో లెక్కనా?” పిన్ని ముందు వచ్చి అందరి ఎదుట తప్పు ఒప్పుకుంటే అప్పుడు చూద్దామని మిగతా పెద్దలన్నారు. తాతయ్య కూర్చున్నాడు. ఆ సాయంత్రం గుంపులో పిన్ని కనబడలేదు.

ఆ వారంలోనే పిన్నికి ఫిట్స్ వచ్చాయి. మాకు కబురు అందేసరికి అంతా అయిపోయింది. డాక్టరును పిలవకుండా చుట్టూ కూర్చుని ప్రార్థన చేశారని తర్వాత తెలిసింది.

సమాధి చేశాక వచ్చిన ఆదివారం తాతయ్య మళ్లీ బస్‌స్టాపుకు బయలుదేరాడు. కొట్లాటకేమోనని నేను భయపడ్డాను. ఆయన ఎప్పటిలాగే నిలబడి, దిగివస్తున్న ప్రతి ఆడపిల్లకూ వందనాలు చెప్పాడు. ఒక్కరూ పలకలేదు.

దారిలో అడిగాను, “పిన్ని లేదు గద తాతా, ఇంకెవరికి?”

“వాళ్లు సుత ఎవరి బిడ్డలో గద. ఏదో ఒకనాడు ఇంటికి పోవాలనిపిస్తది. మనం మాట్లాడతమో లేదోనని ఆగిపోవద్దు.”

ఆయన బతికినంతకాలం అక్కడి నుంచి ఎవరూ తిరిగి రాలేదు. ఇప్పుడు ఆ మేడ లేదు. అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర కొందరు అమ్మాయిలు హాస్టలు పిల్లలకు కరపత్రాలు పంచుతుంటారు. చదివి చూస్తే ఆ మేడ మీది బోధే. అది తప్పని నాకు తెలుసు, ఎవరైనా అడిగితే చెబుతాను. కానీ ముందు వందనాలు అంటాను. వాళ్లు తల తిప్పుకుంటారు. మా పిన్ని అడిగిన మాట వీళ్లలో ఎవరైనా అడిగితే, మాట్లాడతామని వెంటనే చెప్పాలని కాసేపు అక్కడే నిలబడతాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.