మెట్ల కింద జొన్నరొట్టె: బాచుపల్లి నుంచి కోకాపేట

మంగళవారం పొద్దున పదీ ఐదుకి ప్రార్థన చేసుకుని బాచుపల్లిలో బయల్దేరాను. ఇరవై జొన్నరొట్టెల డబ్బా, పప్పు క్యారియర్, నాలుగు కిలోల జొన్నపిండి సంచీ. సంగారెడ్డి వైపు ఒక రైతమ్మ పురుగుమందు కొట్టకుండా పండించిన జొన్నలవి.

ఈ ప్రయాణం యాదమ్మ కోసం. కోకాపేటలో ఒక ఆఫీసు టవర్ ఊడ్చి తుడుస్తుంది. దవాఖాన లైన్లో పరిచయమైంది. ఆమెకి షుగర్ తగ్గాలంటే అన్నం తగ్గించి జొన్నరొట్టె తినమన్నారు డాక్టరు. "ఎప్పుడు చేసుకోవాలమ్మా? పొద్దుగాల ఐదింటికే డ్యూటీ వ్యాన్ వస్తది," అంది. ఆ టవర్‌లో పై అంతస్తుల వాళ్లకి చిరుధాన్యాల కౌంటరుంది. ఊడ్చేవాళ్లకి మాత్రం మెట్ల కింద తెల్లన్నం పొట్లం. వీళ్లూ రొట్టె చేసుకునేందుకు చోటివ్వమని వాళ్ల మేనేజరుని మూడుసార్లు అడిగాక, "ఒకరోజు తెచ్చి పెట్టండి. వాళ్లు తింటే వంటకి చోటిస్తా," అన్నారు.

మియాపూర్ దాకా షేర్ ఆటో, ఇరవై రూపాయలు. 10:40కి గచ్చిబౌలి సిటీ బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి సున్నా టికెట్టు. సామానుంటే మెట్రో వద్దు, అమీర్‌పేట చుట్టి రావాలి. పక్కసీటు నర్సమ్మాయి, "ఆంటీ, ఆ పప్పు వాసనకి నేను దిగాల్సిన స్టాపు మర్చిపోయేలా ఉన్నానండీ," అని నవ్వింది. రొట్టె ఇవ్వబోతే, "వాళ్లకి తక్కువైతే ఎలా?" అని తీసుకోలేదు.

గచ్చిబౌలిలో మళ్లీ ఆటో. 12:20కి టవర్ వెనక గేటు.

మెట్ల కింద పదిమంది ఆడవాళ్లు కూర్చున్నారు. డబ్బా తీశాను. రొట్టెలన్నీ బిగుసుకుని, అంచులు పగిలిపోయి ఉన్నాయి.

"ఇయ్యేందమ్మా, ఇంటి మీద కప్పే పెంకులా?" అంది ఒకామె. అందరూ ఒకటే నవ్వు.

యాదమ్మ ఒక ముక్క విరిచి చూసింది. "చల్లనీళ్లతోని కలిపినవా?"

"చపాతీకి కలిపినట్టే కలిపానమ్మా."

మాది బాపట్ల వైపు, మూడుపూటలా అన్నమే. చదువూ వంటా రెండూ అమ్మే ఇంట్లో నేర్పింది. జొన్నపిండికి మసిలే నీళ్లు పోయాలని అమ్మకీ తెలియదు.

పక్కనే నిలబడి చూస్తున్న మేనేజరు గడియారం చూసుకున్నారు. "చూశారుగా మేడమ్. వీళ్లు తినరు."

యాదమ్మ లేచింది. "తినరని ఎవలు చెప్పిన్రు సారూ? జర ఆగుండ్రి. గా చాయ్ రూమ్ తాళం తీయించు."

నీళ్లు మసలబెట్టి, నేను తెచ్చిన పిండిలో పోసి కలిపింది. గట్టు మీద అరచేత్తో తట్టి, ఆమ్లెట్ పెనం మీద వేసింది. రొట్టె పొంగింది. పదిమందీ వరస కట్టారు. నా రొట్టెల్నీ పారేయలేదు, పప్పులో నానేసుకుని తిన్నారు. ప్రభువుకి స్తోత్రం.

మేనేజరు కూడా ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. "సరే, ఈ గది రోజూ ఓ గంట వాడుకోండి."

"ఆ గంట డ్యూటీలోనే కలపాలి సార్," అన్నాను. అక్కణ్ణుంచి కదల్లేదు. "జీతం కోసి రొట్టె పెడితే ఏం మేలు?"

"వండే ఇద్దరికి మాత్రం కలుపుతా. ఒక నెల చూద్దాం," అన్నారు.

రెండున్నర బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఏం తినాలో వాళ్లకి చెబుదామని వెళ్లాను. వాళ్లకి తెలుసు, పొయ్యీ, ఓ గంటా లేవంతే. అటు వెళ్లేవాళ్లు వెనక గేటు దగ్గర యాదమ్మ పేరు చెప్పండి. పిండి తీసుకెళ్లండి, నాలాగా వండి తీసుకెళ్లకండి. నెల గడిచాక రెండో నెల కూడా అడగాలి. అడిగే నోరు ఇమ్మని మియాపూర్ వచ్చేదాకా ప్రార్థించుకున్నాను.