ఉత్తరం తెచ్చినావిడ

నా చిన్నప్పుడు మేం కెనడాలో ఒషావా అనే ఊళ్లో ఉండేవాళ్లం. ఆదివారం మధ్యాహ్నం మా ఇంటి హాలే మా సంఘం, అంటే మా చర్చి. మొదట్లో ఆరు కుటుంబాలే కాబట్టి ఉన్న కుర్చీలు సరిపోయేవి. తర్వాత కాలేజీల్లో చదవడానికి పిల్లలు రావడం మొదలైంది. ప్రతి సెప్టెంబరుకూ ఓ కొత్త గుంపు దిగేది. గుంటూరు వాళ్లు, ఖమ్మం వాళ్లు, కర్నూలు వాళ్లు. గుమ్మంలో మంచు బూట్లు గుట్ట పడేవి. ప్రార్థన అయ్యాక ఎవరి జత వాళ్లు వెతుక్కోవడానికే పావుగంట పట్టేది. అమ్మ ఎంత పెద్ద గిన్నెతో పలావు చేసినా చివరి వరసకు అందేది కాదు. అయినా ఆ సందడంటే నాకు ప్రాణం.

పాస్టరుగారు నెలకొకసారి టొరంటో నుంచి వచ్చేవారు. మిగతా ఆదివారాలు వాక్యం చెప్పేది మా తాతయ్య, అంటే అమ్మవాళ్ల నాన్న. ఊళ్లో హైస్కూలు మాస్టారుగా చేసి, రిటైరయ్యాక మా దగ్గరికి వచ్చేశారు. నాకు తెలుగు చదవడం నేర్పింది ఆయనే. బైబిల్లో, రోమాలో ఉన్న సంఘానికి పౌలు రాసిన ఉత్తరంలో చివరి అధ్యాయం నాచేత పదేపదే చదివించేవారు. అందులో ఉన్నవన్నీ వందనాలూ, నోరు తిరగని పేర్లూను. నాలుక సాపవడానికి అంతకన్నా మంచి పాఠం లేదనేవారు. ఆ పేర్ల వెనక మనుషులున్నారని నాకు తట్టలేదు. నిజం చెప్పొద్దూ, ఆయనకూ పెద్దగా తట్టినట్టు లేదు.

తాతయ్య చాలా మంచివారు, కానీ ఒక్క పట్టింపు ఉండేది. ఆడవాళ్లు పాట పాడవచ్చు, ప్రార్థన చేయవచ్చు, తమకు జరిగిన మేలు గురించి సాక్ష్యం చెప్పవచ్చు. లేఖనం అర్థం విప్పి వాక్యం చెప్పడం మాత్రం మగవాళ్ల పని. ఆడవాళ్లు సంఘంలో మౌనంగా ఉండాలని పౌలే రాశాడు కదా అనేవారు. ఆ మాటతో ఇక ఎవరూ నోరెత్తేవారు కాదు.

నా పదో ఏట పిల్లల ఆదివారం వచ్చింది. మగపిల్లలు తలా ఐదు నిమిషాలు వాక్యం చెబుతారు, ఆడపిల్లలు కలిసి ఒక పాట పాడతారు. నాకేమో పాట రాదు, చెప్పడానికి మాత్రం బోలెడుంది. బావి దగ్గర యేసుతో మాట్లాడి, కుండ అక్కడే వదిలేసి ఊళ్లోకి పరుగెత్తి అందర్నీ ఆయన దగ్గరికి తీసుకొచ్చిన సమరయ స్త్రీ గురించి రెండు పేజీలు రాసుకున్నాను. తీసుకెళ్లి తాతయ్యకు చూపిస్తే అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని మెచ్చుకుని, పాటల పుస్తకాలు పంచే పని నాకు అప్పగించారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పేజీలు పట్టుకుని కిందికెళ్లి, వాషింగ్ మెషీన్ పక్కన కూర్చుని ఏడ్చాను.

అక్కడే ఒక గదిలో, నేను బేస్‌మెంట్ అక్క అని పిలిచే అమ్మాయి అద్దెకుండేది. గుంటూరు పక్క పల్లె నుంచి కాలేజీలో చేరడానికి వచ్చి, తెల్లవారుజామున కాఫీ షాపులో పనిచేసేది. బట్టలు తీసుకోవడానికి వచ్చి నన్ను చూసింది. నేను "ఇట్స్ నాట్ ఫేర్" అంటూ అంతా చెప్పేశాను. ఆమె తాతయ్యను ఒక్క మాట అనలేదు. మెట్ల మీద కూర్చుని, ఆ రెండు పేజీలూ నాచేత చదివించుకుంది. తర్వాత, ఈ ఆదివారం సాక్ష్యం వంతు తనదేననీ, షిఫ్ట్ మార్చుకుంటాననీ, నన్ను ముందు వరసలో కూర్చోమనీ చెప్పి వెళ్లింది.

ఆ దేశంలో ఆమెకున్న తెలిసిన గడప మాదొక్కటే. తాతయ్యకు కోపం వస్తే ఆమెకు ఆ ఆసరా కూడా పోయేది. అప్పుడు నాకు ఆ సంగతి తెలియదు. తెలిసుంటే వద్దనేదాన్నేమో.

ఆదివారం ఆమె చున్నీ తలమీదికి లాక్కుని లేచి నిలబడింది. తను మా సంఘానికి వచ్చిన మొదటి రోజును గుర్తు చేసింది. మనవాళ్లు ఊరు మారితే, ఫలానా వాళ్లు మా సంఘం వాళ్లు, మీలో చేర్చుకోండి అని పాస్టరుగారి దగ్గర ఉత్తరం రాయించుకుని వస్తారు కదా. ఆమె తెచ్చిన ఉత్తరాన్ని తాతయ్యే అందరికీ చదివి వినిపించారు. ఆ పాస్టరుగారి దస్తూరీ కోడిగీతలు. మధ్యలో ఆగిపోయి, ఇదేమిటమ్మా అని ఆయన అడిగితే, ఆమే వాళ్ల సంఘం సంగతులన్నీ నిలబడి చెప్పింది. ఆవేళ పది నిమిషాలు మాట్లాడినా ఎవరూ తప్పు పట్టలేదు.

ఆ తర్వాత ఆమె తెరిచింది నా నాలుక సాపు చేసిన అధ్యాయాన్నే. మొదటి మాటలే ఫీబే అనే ఆవిడ గురించి. కెంక్రేయ సంఘంలో సేవ చేస్తుందనీ, మర్యాదగా చేర్చుకుని, కావలసిన సాయం చేయమనీ, ఎంతోమందికీ తనకూ కూడా ఆవిడ అండగా నిలిచిందనీ పౌలు రాశాడు. ఆ ఉత్తరం రోమాకు తీసుకెళ్లింది ఆవిడేనని తాతయ్యే ఒకసారి మాకు చెప్పారు. అక్క ఆయన వైపు తిరిగింది.

"తాతయ్యగారూ, నా ఉత్తరంలో అర్థం కానిది మీరు నన్నే అడిగారు. మరి అంత పెద్ద ఉత్తరంలో అర్థం కానివి రోమావాళ్లు ఎవర్ని అడిగుంటారండీ?"

తాతయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఆ అధ్యాయం మొదట్నుంచి చివరిదాకా లోపల్లోపల చదువుకున్నారు. ఆ పేర్లలో ఆడవాళ్లవే ఎన్నున్నాయో అప్పుడు చూసినట్టున్నారు. ఆయన నలభై ఏళ్లు బడిలో పాఠం చెప్పిన మనిషి. జవాబు తెలిసీ తెలియనట్టు నటించడం ఆయనకు చేతకాదు.

"ఆవిణ్ణే అడిగుంటారమ్మా," అన్నారు.

వెంటనే, మౌనంగా ఉండమన్న మాట కూడా పౌలు రాసిందే కదా అన్నారు. అక్క ఔనంది. ఆ రెండూ ఎలా కలుస్తాయో తనకు తెలియదనీ, ఒకటే చదివి రెండోది దాటేయడం మాత్రం బాగోదనీ అంది. అంతే చెప్పి కూర్చుంది. సాయంత్రం తాతయ్య నన్ను పిలిచి, ఆ రెండు పేజీలు ఉంచావా, పారేశావా అని అడిగారు. నేను ఉంచానన్నాను.

పిల్లల ఆదివారం నాడు నేను చివర లేచాను. అక్క రాలేదు. ముందువారం మార్చుకున్న షిఫ్ట్ ఆవేళ తీర్చాల్సి వచ్చింది. ఐదు నిమిషాల్లో చెప్పాల్సింది రెండు నిమిషాల్లో చెప్పేశాను. అందరూ ఆమెన్ అన్నారు. నేను కూర్చోబోతుంటే తాతయ్య చెయ్యి ఎత్తారు. మగపిల్లలెవరినీ ఆయన ఏమీ అడగలేదు. నేనేదో తప్పు చెప్పాననుకున్నాను.

"ఊళ్లో ఆ సమరయ స్త్రీకి అంత మంచి పేరు లేదు కదమ్మా. మరి ఆవిడ మాట నమ్మి ఊరంతా ఎందుకు కదిలొచ్చిందంటావు? నాకు ఎప్పట్నుంచో తెలియడం లేదు."

ఆయన నన్ను పరీక్షించడం లేదని ఆయన మొహం చూస్తే తెలిసింది. నేను చాలాసేపు ఆలోచించాను. ఆయన తొందరపెట్టలేదు, ఎవరినీ అందించనివ్వలేదు. చివరికి, నీళ్ల కోసం వెళ్లిన మనిషి కుండ లేకుండా పరుగెత్తుకొస్తే ఎవరైనా ఆగి వింటారు కదా తాతయ్యా అన్నాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి, తన పుస్తకం అంచున ఆ మాట రాసుకున్నారు.

అక్క చదువయ్యాక ఉద్యోగమొచ్చి ఎడ్మంటన్ వెళ్లిపోయింది. తాతయ్య పోయీ చాలా కాలమైంది. ఇప్పుడు నేనూ పెద్దదాన్నయ్యాను. సంఘంలో ఏ చిన్నపిల్ల లేచి మాట్లాడినా, బాగా చెప్పావని తల నిమిరి పంపించను. నాకు నిజంగా తెలియనిది ఒకటి అడుగుతాను. ఆ పిల్ల జవాబు చెప్పేదాకా ఆగుతాను.